సుగ్గికి పోయిన ఊళ్లో మిగిలిన పిల్లలకు ఏం చేయాలి?

ప్రశ్న: మేడమ్, మాది ఆదోని. మేం 8 మంది స్నేహితులం, తలా ఒక ఉద్యోగం చేసుకుంటున్నాం. ఏటా కొంత డబ్బు పోగేసి కోసిగి వైపు ఒక ఊళ్లో పిల్లలకు సాయం చేస్తున్నాం. దసరా దాటితే ఆ ఊళ్లో చాలా ఇళ్లకు తాళాలే. పెద్దవాళ్లు సుగ్గికని, అంటే పంట కోతల కూలి పనులకని, గుంటూరుకో, తెలంగాణకో వలస పోతారు. కొంతమంది పిల్లలు అవ్వాతాతల దగ్గరే ఉండిపోతారు. మొన్న వెళ్లి పాలపొడి డబ్బాలు, బిస్కెట్లు, దుప్పట్లు పంచాం. ఫొటోలు గ్రూపుల్లో పెట్టాం. అక్కడి అంగన్‌వాడీ టీచరు మాత్రం ‘మీరు ఫొటోలు దిగి పోతారు, తర్వాత చూసుకోవాల్సింది మేమే కదా’ అన్నారు. మాకు బాధేసింది. ఒక ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. చేతులు బాగా సన్నం, పాదాలు మాత్రం ఉబ్బినట్టున్నాయి. అవ్వకు ప్రొటీన్ పౌడర్ ఇచ్చి వచ్చాం. ఇంకో ఇంట్లో ఆరో తరగతి చదవాల్సిన అమ్మాయి బడి మానేసి నాలుగేళ్ల తమ్ముణ్ణి చూసుకుంటోంది. వాళ్లకు నాన్న లేడు, అమ్మ సుగ్గికి పోయింది. ఈసారి మా దగ్గర 60,000 రూపాయలున్నాయి. ఊళ్లోనే ఒక ఇల్లు అద్దెకు తీసుకుని ఇలాంటి పిల్లలందరినీ అక్కడ ఉంచుదామని మాలో కొందరంటున్నారు. ఏం చేస్తే బాగుంటుంది?
– ఒక పాఠకుడు, ఆదోని

సమాధానం:

తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ రెండేళ్ల పాప సంగతి చూడండి. ఈ జవాబు మీకు అందిన రోజే ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఫోన్ చేయండి. పాప రెండు పాదాల మీదా బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి తీయమనండి. గుంట పడి అలాగే ఉండిపోతే అది ఒంట్లో చేరిన నీరు. చేతులు అంత సన్నగా ఉండి రెండు పాదాల్లోనూ నీరు చేరిందంటే, వేరే కారణమేదో డాక్టరు తేల్చేదాకా, దాన్ని తీవ్ర పోషకాహార లోపంగానే చూడాలి. చూసేవాళ్లకు కాళ్లు బొద్దుగా ఉన్నాయనిపిస్తుంది, నీటి వల్ల తూకంలో బరువు కూడా ఎక్కువే చూపిస్తుంది. అందుకే ఇలాంటి పిల్లలు చాలాసార్లు ఎవరి కంటా పడరు. మీ కంట పడింది, అది ఆ పాప అదృష్టం. ఆ రోజే పీహెచ్‌సీ డాక్టరుకు చూపించాలి. మత్తుగా పడి ఉన్నా, ఏమీ తాగకపోయినా, తాగిందంతా కక్కేస్తున్నా, ఒళ్లు చల్లబడినా, ఫిట్స్ వచ్చినా ఇక పీహెచ్‌సీ దాకా ఆగొద్దు, 108కి చేయండి.

ఆ ప్రొటీన్ పౌడర్ ఆపించేయండి. మీరు మంచి మనసుతోనే ఇచ్చారు, కాదనను. కానీ నెలల తరబడి తిండి సరిగా లేని పిల్లల ఒళ్లు తక్కువ తిండితోనే బతకడానికి అలవాటు పడి ఉంటుంది. గుండె, కాలేయం, మూత్రపిండాలు అన్నీ నెమ్మదిగా పనిచేస్తుంటాయి. ఒక్కసారిగా బలమైన తిండి కూరితే ఒంట్లో లవణాల లెక్క తప్పుతుంది, గుండెకే ప్రమాదం రావచ్చు. అందుకే ఆసుపత్రిలో ఎన్‌ఆర్‌సీ, అంటే పోషకాహార పునరావాస కేంద్రంలో, మొదట ఎఫ్-75 అనే పలుచటి పాలు ఇస్తారు. 100 మిల్లీలీటర్లకు 75 కేలరీలు, ప్రొటీన్ తక్కువ. రెండు గంటలకోసారి కొంచెం కొంచెం, రాత్రుళ్లు కూడా లేపి తాగిస్తారు. వాపు తగ్గడం మొదలై, ఆకలి తిరిగొచ్చాక ఇంకొంచెం బలమైన ఎఫ్-100 పాలకు మారుస్తారు. ఐరన్ సిరప్ కూడా మొదటి రోజుల్లో ఇవ్వరు. ‘పాప పాలిపోయి ఉంది కదా, ఒక టానిక్ కొనిద్దాం’ అని మనకు అనిపిస్తుంది. అలా కొనివ్వకండి.

ఇక అసలు చిక్కుకు వద్దాం. ఎన్‌ఆర్‌సీలో వైద్యానికి, తిండికి డబ్బు తీసుకోరు. అయినా ఊళ్ల నుంచి పిల్లలు అక్కడికి చేరరు, చేరినా మూడోరోజే ఇంటికి తీసుకెళ్లిపోతారు. ఎందుకంటే పిల్లతో పాటు ఒక పెద్దమనిషి సుమారు రెండు వారాలు అక్కడే ఉండాలి. తల్లి గుంటూరు మిరప చేలల్లో ఉంది. అవ్వ ఆసుపత్రిలో కూర్చుంటే ఇంట్లో ఉన్న ఇంకో పిల్లను ఎవరు చూస్తారు? గొర్రెనో ఎనుమునో ఎవరు మేపుతారు? ఆమె కళ్లకు బస్సు బోర్డు కూడా ఆనదు, పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ ఎక్కడ రాయించాలో తెలియదు. డాక్టరు ‘అడ్మిట్ చేయాలి’ అంటే ఆమె వద్దనడానికి కారణం మూర్ఖత్వం కాదు, ఇవన్నీ. నేను పనిచేసిన ఊళ్లలో ఎక్కువసార్లు చూసింది ఇదే.

మీ 60,000 ఖర్చు చేయాల్సిన చోటు ఇది. తల్లికి ఫోన్ చేసి విషయం చెప్పండి, రాగలిగితే రాను పోను చార్జీలు మీరే పెట్టుకోండి. పిల్లతో ఉన్న తల్లికి పోయిన కూలీ కింద కొంత డబ్బు ఎన్‌ఆర్‌సీ పథకంలోనే ఉంటుంది, అక్కడి సిబ్బందిని అడిగి రాయించండి. తల్లి రాలేకపోతే అవ్వ వెంట మీలో ఒకరు మొదటి రోజు వెళ్లి, చీటీ రాయించి, వార్డు దాకా చేర్చి రండి. ఇంటి దగ్గర మిగిలిన పిల్లకు ఆ రెండు వారాలు పక్కింటామె అన్నం పెట్టేలా మాట్లాడి, ఆమెకు బియ్యం, పప్పు, నూనె కొనిచ్చేయండి. ఇలా ఒక్క పాప వెనక ఐదారు వేలు ఖర్చయినా ఎక్కువ అనుకోకండి. అదే డబ్బుకు వచ్చే బిస్కెట్ ప్యాకెట్లతో పోల్చి చూడకండి.

డిశ్చార్జి అయ్యాక పని అయిపోయిందనుకోవద్దు. రెండు వారాలకోసారి చూపించుకోమంటారు. ఆ చూపించుకోవడమే తప్పిపోతుంది, పిల్ల మళ్లీ మొదటికొస్తుంది. ఆ తేదీలు మీలో ఒకరి ఫోన్‌లో ఉండాలి. ఇంట్లో పెట్టే తిండి గురించి అవ్వకు కొత్తవేమీ నేర్పక్కర్లేదు, ఆమె వంటింట్లో ఉన్నవాటితోనే సరిపోతుంది. మెత్తటి సంగటిలో పప్పు, ఒక చెంచా నూనె వేసి పిసకడం, రోజూ ఒక గుడ్డు, చెనక్కాయలు వేయించి బెల్లంతో దంచిన పొడి, అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం. చిన్న కడుపు కాబట్టి రోజుకు ఐదారుసార్లు పెట్టాలి. చెనక్కాయలు గింజలుగా మాత్రం ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడతాయి. ఇదంతా వాపు తగ్గి, డాక్టరు ఇంటికి పంపాకే సుమా.

పాలపొడి డబ్బాల గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. 1992లో వచ్చిన శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం ప్రకారం పసిపిల్లల డబ్బాపాలు, పాలసీసాలు అనాథాశ్రమాలకు తప్ప ఎవరికీ దానంగా ఇవ్వకూడదు, పంచకూడదు. ఈ సంగతి సాయం చేసేవాళ్లలో చాలామందికి తెలియదు. చట్టం ఊరికే రాలేదు. డబ్బా వారంలో అయిపోతుంది, ఇంకోటి కొనే స్తోమత లేదు. అందుకని అవ్వ ఒక చెంచాకు రెండు గ్లాసుల నీళ్లు కలుపుతుంది. ఆ నీళ్లు కాచినవి కావు, సీసా సరిగా కడిగింది కాదు. పిల్లకు విరేచనాలు పట్టుకుంటాయి, ఉన్న బరువూ పోతుంది. తల్లిపాలు తాగుతున్న బిడ్డ ఉన్న ఇంటికి డబ్బా వెళ్తే ఆ పాలు కూడా తగ్గిపోతాయి. ఆరు నెలల్లోపు బిడ్డకు తల్లి దగ్గర లేకపోతే ఏం తాగించాలన్నది డాక్టరు చెప్పాలి, మనం కాదు. ఏడాది దాటిన పిల్లలకు ఊళ్లో దొరికే పాలే కాచి, గ్లాసుతోనో గిన్నెతోనో తాగిస్తే చాలు. ఆ ఊళ్లో పాలు పోసేవాళ్లకు నెల డబ్బు ముందే కట్టి రెండు మూడు ఇళ్లకు రోజూ పావు లీటరు పోయించగలిగితే నాకు సంతోషం. విరేచనాలకైతే ఆశా దగ్గర ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, జింక్ బిళ్లలు ఉంటాయి. లీటరు ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలోనే కలపాలి, జింక్ 14 రోజులూ వేయాలి. విరేచనాలు తగ్గాయని నాలుగోరోజే ఆపేస్తుంటారు. కాళ్లు వాచిన పాపకు మాత్రం మామూలు ఓఆర్‌ఎస్ కూడా డాక్టరును అడగకుండా ఇవ్వొద్దు.

అంగన్‌వాడీ టీచరు మాటకు బాధపడ్డామన్నారు. ఆమె అన్నదాంట్లో నిజం ఉంది, మీరు ముందు కలవాల్సింది ఆమెనే. ఏ ఇంట్లో పిల్ల తినడం లేదో, ఏ ఇంట్లో తాగుబోతు తాత ఉన్నాడో, ఎవరు ఎప్పుడు తిరిగొస్తారో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఫోన్‌లో యాప్‌లు నింపాలి, వండాలి, తూకాలు తీయాలి, ఇళ్లకు తిరగాలి. ఇంత పని మీదున్న మనిషికి మీరు దిగిన ఫొటోలు ఎలా కనిపించి ఉంటాయో ఆలోచించండి. ఈసారి చేతిలో ఏమీ లేకుండా వెళ్లి, ‘మేం ఏం చేస్తే మీకు పని తేలికవుతుందమ్మా’ అని అడగండి. బహుశా ఆమె వస్తువేదీ అడగదు. నెలనెలా గ్రామ ఆరోగ్య, పోషణ దినం జరుగుతుంది. ఏఎన్‌ఎం వస్తుంది, టీకాలు వేస్తారు, తూకాలు తీస్తారు. ఆ రోజు మీలో ఇద్దరు వెళ్లి, నడవలేని అవ్వల ఇళ్ల నుంచి పిల్లలను తీసుకొచ్చి, మళ్లీ దింపి రండి. రెండు బైకులు, ఒక పూట.

జబ్బ చుట్టుకొలత తీసే టేపు చూసే ఉంటారు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు ఎడమ చేతికి, భుజానికీ మోచేతికీ మధ్యలో చుట్టి చూస్తారు. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే ఎరుపు, తీవ్ర లోపం. 11.5 నుంచి 12.5 మధ్య పసుపు, జాగ్రత్త పడాల్సిన పిల్లలు. ఎరుపులో ఉన్నవాళ్లందరూ ఆసుపత్రిలో చేరాల్సిన పనిలేదు. ఆకలి బాగుండి వేరే జబ్బు లేకపోతే ఆరోగ్య సిబ్బంది కనిపెట్టుకుని ఉంటూ ఇంటి దగ్గరే బాగు చేయవచ్చు. ఈ టేపు వేయడం ఆశా దగ్గర నేర్చుకోండి, ఆమె పక్కన ఉన్నప్పుడే వేయండి. పదిమందిలో ‘మీ పాప రెడ్‌లో ఉంది’ అని అరవకండి. ఆ అవ్వకు అది తలవంపు, ఇంకోసారి తలుపు తీయదు.

ఇల్లు అద్దెకు తీసుకుని పిల్లలను ఉంచే ఆలోచన మానుకోండి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. ఆదరణ లేని పిల్లలను ఉంచే ఏ కేంద్రమైనా 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్టర్ కావాలి. కాకుండా నడిపితే జైలు, జరిమానా ఉన్నాయి. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఉద్యోగాలు చేసుకునే 8 మంది రాత్రింబవళ్లు పిల్లల బాధ్యత ఎలా మోస్తారు? అర్ధరాత్రి ఒకడికి జ్వరం వస్తే ఎవరున్నారు? పైగా మీరు చేద్దామనుకున్నది బడి పిల్లల కోసం ఇప్పటికే ఉంది. వలస పోయేవాళ్ల పిల్లలకు సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద సీజనల్ హాస్టళ్లు, అంటే వలస నెలల్లో ఉండే వసతి గృహాలు, నడుపుతారు. ఇబ్బంది ఎక్కడంటే, జనం బండెక్కి పోయాక తెరిస్తే పిల్లలు కూడా బండెక్కి పోయి ఉంటారు. వినాయక చవితి అప్పటికే ఏయే ఇళ్లవాళ్లు పోబోతున్నారో, వాళ్లకు బడి పిల్లలెందరో హెడ్మాస్టరుతో కూర్చుని జాబితా రాయించి ఎంఈఓకు, అంటే మండల విద్యాధికారికి ఇవ్వండి, రసీదు తీసుకోండి, వారం వారం అడుగుతూ ఉండండి. ఇది ఫొటోకు పనికొచ్చే పని కాదు. కానీ హాస్టల్ దసరాకు ముందే తెరుచుకుంటే ఎంతమంది పిల్లలు పత్తి చేలకు పోకుండా ఆగుతారో మీ కళ్లతో మీరే చూస్తారు.

అనంతపురంలో 1969 నుంచి పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు గురించి వినే ఉంటారు, విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టింది. అక్కడ ఒక పిల్లకు దాత ఉన్నా, ఆ డబ్బును ఆ ఒక్క పిల్ల చేతిలో పెట్టరు. ఊరి బడికి, వైద్యానికి, ఇళ్లకు కలిపి ఖర్చు చేస్తారు. వాళ్ల స్థాయి వేరు, మీ స్థాయి వేరు. అయినా ఈ పద్ధతి మీకు పనికొస్తుందని చెబుతున్నాను. పదిమంది పిల్లల్లో ఇద్దరికి దుప్పటి వచ్చి ఎనిమిది మందికి రాకపోతే ఆ సాయంత్రం ఆ వీధిలో ఏం జరుగుతుందో మీరు చూసి ఉండరు, అప్పటికే మీ బండి ఊరు దాటి ఉంటుంది.

తమ్ముణ్ణి చూసుకుంటున్న ఆ అమ్మాయి సంగతి నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఆ వయసులో బడి ఆగిన ఆడపిల్లకు మన వైపు తర్వాత వచ్చేది పెళ్లి సంబంధమే. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో ఆరో తరగతి నుంచి చేర్చుకుంటారు, ఉండటానికి వసతి ఉంటుంది, తండ్రి లేని పిల్లలకు, బడి మానేసిన పిల్లలకు ప్రాధాన్యం ఇస్తారు. అయితే ‘నువ్వు హాస్టల్‌కు పో తల్లీ’ అని ఆ పిల్లకు చెబితే ఆమె పోదు. తమ్ముణ్ణి ఎవరు చూస్తారన్నది ముందు తేలాలి. నాలుగేళ్లవాడు పగలంతా అంగన్‌వాడీలో ఉండొచ్చు, మధ్యాహ్నం భోజనం అక్కడే. సాయంత్రం నుంచి వాణ్ణి చూసే అత్తో పెద్దమ్మో ఊళ్లో ఉందేమో కనుక్కోండి. ఎవరూ లేకపోతే తల్లిని ఊళ్లో ఉండేలా చేయడం ఒక్కటే దారి. అందుకు మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ బాలల సంరక్షణ పథకం కింద స్పాన్సర్‌షిప్, అంటే నెలనెలా ఇచ్చే ఆర్థిక సాయం ఉంది. భర్త లేని తల్లి దగ్గర పెరిగే పిల్లలకు నెలకు 4,000 రూపాయలు, పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. కర్నూలులోని జిల్లా బాలల సంరక్షణ విభాగానికి దరఖాస్తు పెట్టాలి. తండ్రి మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు ఖాతా కావాలి. చాలా ఇళ్లలో మరణ ధ్రువపత్రమే ఉండదు, గ్రామ సచివాలయం చుట్టూ తిరిగి అది తెప్పించడమే పెద్ద సాయం. డబ్బు ఎప్పుడు మంజూరవుతుందో చెప్పలేం కాబట్టి ‘మీకు నెలకు నాలుగు వేలు వస్తాయి’ అని మాట ఇవ్వకండి. ఇద్దరు పిల్లలే పెద్దదిక్కు లేకుండా ఉంటున్నారంటే మాత్రం ఈ పత్రాల కోసం ఆగొద్దు, ఈరోజే పిల్లల సహాయ నంబరు 1098కి చెప్పండి. సంరక్షకులు లేకుండా కనిపించిన పిల్లల సమాచారం 24 గంటల్లోపు అందించాలని చట్టమే చెబుతోంది. 1098 అంటే పిల్లలను ఎత్తుకుపోతారని ఊళ్లో భయముంటుంది. ఇంట్లోనే ఉంచి ఆసరా ఇవ్వగలరా అన్నది ముందు చూస్తారని ఆ తల్లికి ఫోన్‌లో నెమ్మదిగా చెప్పండి.

తల్లిదండ్రుల వెంట పోయే చిన్నపిల్లలను కూడా మరిచిపోవద్దు. మిరప కల్లాల ఘాటు, పత్తి మీద కొట్టిన మందులు, టార్పాలిన్ గుడిసెలు. పోయే ముందు తల్లీబిడ్డల టీకా కార్డు మూటలో పెట్టించండి, దాన్ని ఫొటో తీసి వాళ్ల ఫోన్‌లోనే ఉంచండి. పోయిన చోట దగ్గర్లోని అంగన్‌వాడీలో గుడ్డు, పాలు అడగవచ్చని, టీకా ఏ ఊళ్లోనైనా వేయించుకోవచ్చని, రేషన్ కూడా తీసుకోవచ్చని చెప్పండి. వాళ్లకు తెలియక అడగరు.

పిల్లల మనసు గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. ఆరు నెలలు అమ్మ కనిపించని పిల్ల కొత్తవాళ్లెవరొచ్చినా చంకెక్కుతుంది. మనకు ముద్దొస్తుంది. కానీ వచ్చినవాళ్లంతా సాయంత్రానికి వెళ్లిపోతుంటే ఆ పిల్లకు అమ్మ పోయిన రోజే మళ్లీ మళ్లీ వస్తుంది. 8 మందీ ఒక్కసారి వెళ్లేకన్నా ఇద్దరే రెండు వారాలకోసారి, ప్రతిసారీ అదే రోజున, అదే ఇద్దరు వెళ్లండి. ‘మీ అమ్మ ఎప్పుడొస్తుంది’ అని అడగొద్దు. గుంటూరుకు వీడియో కాల్ కలిపి ఫోన్ చేతికిచ్చి పక్కకు జరగండి. ఏ పిల్లతోనూ ఒక్కరే ఒంటరిగా గదిలో ఉండకూడదన్న నియమం మీ గుంపులో మొదటి రోజే పెట్టుకోండి. మీ మీద అనుమానంతో అంటున్నది కాదు. సాయం పేరుతో ఎవరు వచ్చినా ఊరు అడగాల్సిన మాట అది.

ఫొటోలు తీసేయండి. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం రక్షణ, సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఊరు, బడి, ఫొటో ఎక్కడా బయటపెట్టకూడదు. ఆరు నెలల వరకు జైలు లేదా 2 లక్షల వరకు జరిమానా, రెండూ పడొచ్చు. ఫొటోలు లేకపోతే డబ్బిచ్చినవాళ్లు నమ్మరని మీలో ఎవరైనా అనొచ్చు. వాళ్లకు బస్సు టికెట్లు, పాల బిల్లు, పక్కింటామెకు కొన్న సరుకుల చీటీ పంపండి. ఎన్‌ఆర్‌సీలో చేరిన పిల్లలెందరు, ఫాలో-అప్‌కు వెళ్లినవాళ్లెందరు, బడికి తిరిగి పోయినవాళ్లెందరు అన్న లెక్క నెలకోసారి ఒక కాగితం మీద, పేర్లు లేకుండా రాసి పంపండి. ఆ కాగితం చూసి డబ్బివ్వడం మానేసేవాళ్లు ఒకరిద్దరు ఉంటే ఉండనీయండి.